పాటలు కదిలాయి, చిరునామా కదలలేదు

కంప్యూటర్‌లో చోటు నిండిపోయిందన్న హెచ్చరిక వచ్చినప్పుడు చాలామంది కన్ను ముందుగా పడేది పాటల ఫోల్డర్ మీదనే. ఏళ్ల తరబడి పోగైన సంగీతం పదుల, కొన్నిసార్లు వందల జీబీలు ఆక్రమించి ఉంటుంది కనుక, ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్ డ్రైవ్ తెచ్చి ఆ ఫోల్డర్‌ను మౌస్‌తో పట్టి అందులోకి లాగేస్తే పని అయిపోతుందనిపిస్తుంది. నేనూ ఒకప్పుడు అలాగే చేశాను. కాపీ పూర్తయింది, పాత ఫోల్డర్‌ను తొలగించాను, అంతటితో ఆగకుండా రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేశాను. ఆ తర్వాత ప్లేయర్ తెరిస్తే పాటల పేర్లన్నీ ఎప్పటిలాగే వరుసగా కనిపించాయి గానీ, దేని మీద నొక్కినా పక్కన చిన్న ఆశ్చర్యార్థక గుర్తు ప్రత్యక్షమై, ఫైల్ దొరకలేదన్న సందేశం వచ్చిందే తప్ప చప్పుడు రాలేదు. పాటలు బల్ల మీదున్న డ్రైవ్‌లో భద్రంగానే ఉన్నాయి; వాటికీ ప్లేయర్‌కూ మధ్యనున్న లంకె తెగిపోయింది.

ఇలా ఎందుకు జరుగుతుందో అర్థం కావాలంటే, మనం ‘మ్యూజిక్ లైబ్రరీ’ అని ఒకే మాటతో పిలిచేది నిజానికి రెండు వేర్వేరు వస్తువులని గుర్తించాలి. ఒకటి పాటల ఫైళ్లు: ఎంపీ3, ఏఏసీ, ఫ్లాక్ వంటి రూపాల్లో ఫోల్డర్లలో ఉండేవి. రెండవది ప్లేయర్ తన కోసం తాను రాసుకునే పద్దు, అంటే డేటాబేస్. యాపిల్ వారి ఐట్యూన్స్ ప్లేయర్‌లో అది ఐటీఎల్ అనే పొడిగింపు గల ఒక ఫైల్; 2019లో మ్యాక్‌లో ఐట్యూన్స్ స్థానంలోకి వచ్చిన మ్యూజిక్ యాప్‌కు తనదైన మరో లైబ్రరీ ఫైల్ ఉంది; లినక్స్ వాడేవారికి తెలిసిన రిథమ్‌బాక్స్ అయితే ఒక ఎక్స్‌ఎంఎల్ ఫైల్‌లో రాసుకుంటుంది. పద్దు ఏ రూపంలో ఉన్నా అందులో ప్రతి పాటకూ ఒక చిరునామా ఉంటుంది. ‘సి:\సంగీతం\పాత ఆల్బమ్\01 మొదటి పాట.ఎంపీ3’ అన్న తరహాలో, డ్రైవ్ పేరు మొదలుకొని చివరి చుక్క వరకు, పూర్తిగా. మీరు ఫోల్డర్‌ను ఎక్స్‌టర్నల్ డ్రైవ్‌లోకి లాగినప్పుడు అదే పాట ‘ఈ:\సంగీతం\పాత ఆల్బమ్\01 మొదటి పాట.ఎంపీ3’గా మారుతుంది. మారింది ఒక్క అక్షరమే. కానీ ఆ మార్పు ప్లేయర్‌కు ఎవరూ చెప్పలేదు; అది పాత ఇంటి తలుపే తడుతూ ఉంటుంది.

అలాంటప్పుడు కొత్త ఫోల్డర్‌ను చూపించి మళ్లీ మొదటి నుంచి అన్నీ చేర్చుకుంటే సరిపోదా అన్న ప్రశ్న సహజం. సరిపోతుందో లేదో మీరు పోగొట్టుకోవడానికి ఇష్టపడని సమాచారం ఎక్కడ ఉందన్న దాని మీద ఆధారపడి ఉంటుంది. పాట పేరు, పాడినవారు, ఆల్బమ్, సంవత్సరం వంటివి సాధారణంగా ఫైల్ లోపలే ట్యాగుల రూపంలో ఉంటాయి. ఎంపీ3లలో వీటికి మూలం 1996 నాటి ఐడీ3 అనే చిన్న ఏర్పాటు: ఫైల్ చివర 128 బైట్లు అతికించి, అందులో పాట పేరుకు 30 అక్షరాల చోటు మాత్రమే ఇచ్చారు. పాత సేకరణల్లో పొడవైన పేర్లు మధ్యలోనే తెగిపోయి కనిపించడానికి అదొక కారణం. 1998లో వచ్చిన రెండవ రూపం ఆ ఇరుకును తొలగించి, ముఖచిత్రంతో సహా చాలా సంగతులను ఫైల్ మొదట్లోనే దాచుకునే వీలు కల్పించింది. ఇవన్నీ ఫైల్‌తోపాటే ప్రయాణిస్తాయి కనుక వాటి గురించి దిగులు లేదు.

దిగులు పడవలసింది పద్దులో మాత్రమే ఉన్నవాటి గురించి. ఒక పాటను ఎన్నిసార్లు విన్నారు, చివరిసారి ఎప్పుడు విన్నారు, లైబ్రరీలోకి ఏ రోజున చేర్చారు, మీరు పదేళ్లుగా సర్దుకుంటూ వచ్చిన ప్లేలిస్టులలో అది ఎన్నోది అన్న సమాచారం చాలా ప్లేయర్లలో డేటాబేస్‌ను దాటి బయటికి రాదు. నక్షత్రాల రేటింగు సంగతి ప్లేయర్‌ను బట్టి ఉంటుంది: కొన్ని దాన్ని ట్యాగులోనే రాస్తాయి, ఐట్యూన్స్ వంటివి తమ దగ్గరే ఉంచుకుంటాయి. మళ్లీ మొదటి నుంచి చేర్చుకుంటే ఇవన్నీ సున్నాకు వస్తాయి. పదిహేనేళ్ల కిందటి పాటకు కూడా ‘చేర్చిన తేదీ’ దగ్గర ఈ రోజు తేదీ పడుతుంది. ఫోల్డర్లను తెరిచి నేరుగా పాటలు వినే అలవాటున్నవారికి ఇది నష్టమే కాదు, వారు నిశ్చింతగా లాగి వేయవచ్చు. ప్లేలిస్టుల మీద ఆధారపడేవారికి మాత్రం పాటలకన్నా ఈ పద్దే విలువైనది. పోయిన పాటను మళ్లీ సంపాదించుకునే దారులు ఉంటాయి గానీ, ఏ వరుసలో విన్నామన్నది మళ్లీ రాసిచ్చేవారు ఉండరు.

కాబట్టి పద్దు నిలవాలంటే, తరలింపు పూర్తయ్యేసరికి అందులోని చిరునామాలు నిజం కావాలి. దానికి ఉన్న దారుల్లో అన్నిటికంటే సురక్షితమైనది, తరలించే పనిని ప్లేయర్‌కే అప్పగించడం. ఐట్యూన్స్ పద్ధతి ఇందుకు మంచి ఉదాహరణ. అందులో అడ్వాన్స్‌డ్ సెట్టింగులకు, మ్యాక్ మ్యూజిక్ యాప్‌లో అయితే ఫైల్స్ అనే ట్యాబుకు వెళ్లి, మీడియా ఫోల్డర్‌గా ఎక్స్‌టర్నల్ డ్రైవ్‌లోని ఒక కొత్త ఫోల్డర్‌ను చూపించాలి. చాలామంది ఇక్కడే ఆగిపోయి పని అయిందనుకుంటారు. ఆ సెట్టింగు ఇకమీదట చేరబోయే పాటలు ఎక్కడికి వెళ్లాలో చెబుతుంది. పాతవి ఉన్నచోటనే ఉంటాయి. వాటిని కదిలించేది ఫైల్ మెనూలో లైబ్రరీ కింద, ఆర్గనైజ్ లైబ్రరీ లోపల దాగి ఉన్న ‘కన్సాలిడేట్ ఫైల్స్’ అనే గడి. దానికి టిక్ పెట్టి సరే అంటే, కంప్యూటర్‌లో ఎక్కడెక్కడో చెల్లాచెదురుగా ఉన్న పాటలన్నిటినీ ప్లేయర్ కొత్త చోటికి కాపీ చేసి, ఒక్కొక్కదాని చిరునామాను తన పద్దులో తానే దిద్దుకుంటుంది. పాత ఫైళ్లను తొలగించదు. ఆ సమయానికి రెండు ప్రతులూ ఉంటాయి కనుక చోటు వెంటనే ఖాళీ కాలేదని కంగారు పడనక్కరలేదు. ఆ జాగ్రత్త మన మంచికే.

ఇలాంటి సదుపాయం లేని ప్లేయర్లతో పని పడినప్పుడు రెండవ దారి ఉంది: చిరునామాను మార్చకుండానే ఇల్లు మార్చడం. పాటల ఫోల్డర్‌ను ఎక్స్‌టర్నల్ డ్రైవ్‌లోకి కాపీ చేసి, పాతచోట అదే పేరుతో ఒక లింకును నిలబెట్టవచ్చు. విండోస్‌లో దీన్ని జంక్షన్ అంటారు, మ్యాక్‌లోనూ లినక్స్‌లోనూ సింబాలిక్ లింక్ అంటారు. ప్లేయర్ పాత చిరునామాకే వెళుతుంది, ఆపరేటింగ్ సిస్టమ్ దాన్ని చడీచప్పుడు లేకుండా కొత్త చోటికి మళ్లిస్తుంది. ఇది తెలివైన ఉపాయమే, చాలాకాలం నేనూ వాడాను. అయితే కొన్ని బ్యాకప్ ప్రోగ్రామ్‌లు లింకును చూసి లోపలికి వెళ్లకుండా దాటిపోతాయి, మరికొన్ని లోపలికి వెళ్లి మొత్తం మోసుకొస్తాయి. తమ దగ్గరున్నది ఏ రకమో తెలియనివారికి ఈ దారిని నేను సూచించను.

మూడవది పద్దును చేత్తో దిద్దడం. డేటాబేస్ ఎక్స్‌ఎంఎల్ వంటి చదవదగిన రూపంలో ఉంటే, ముందుగా దాని ప్రతి ఒకటి దాచుకొని, టెక్స్ట్ ఎడిటర్‌లో పాత చిరునామా మొదటి భాగాన్ని వెతికి కొత్త దానితో మార్చేయవచ్చు. ఇక్కడ ఒక చిక్కు ఉంది. ఇటువంటి ఫైళ్లలో చిరునామాలు వెబ్ లింకుల పద్ధతిలో రాసి ఉంటాయి: ఖాళీ ఉన్నచోట %20 అని, తెలుగు అక్షరం ఉన్నచోట శాతం గుర్తులతో కూడిన పొడవైన వరుస. అన్ని లిపులకూ సంకేతాలిచ్చే యూనికోడ్‌ను యూటీఎఫ్-8 పద్ధతిలో రాస్తే ప్రతి తెలుగు వర్ణ సంకేతానికి మూడు బైట్లు పడతాయి, ఒక్కో బైటు మూడు గుర్తులుగా మారుతుంది. అంటే ఒక్క గుడి కోసం కూడా తొమ్మిది గుర్తులు. ‘సంగీతం’ అనే ఫోల్డర్ పేరును ఆ ఫైల్‌లో అదే రూపంలో వెతికితే దొరకదు. దొరకలేదు కదా అని అది లేదనుకోకూడదు.

పేర్ల ప్రస్తావన వచ్చింది కనుక మరో రెండు సంగతులు. విండోస్‌లో ప్రశ్నార్థకం, విసర్గ వంటి కోలన్, నక్షత్రం, నిలువు గీత, జంట ఉద్ధరణ చిహ్నం, కోణపు గుర్తులు ఫైల్ పేర్లలో చెల్లవు; మ్యాక్‌లోనో లినక్స్‌లోనో ప్రశ్నార్థకంతో హాయిగా ఉన్న పాట విండోస్ కోసం తయారైన డ్రైవ్ దగ్గరికి వచ్చేసరికి కాపీ కాకుండా నిలిచిపోవచ్చు. రెండవది మరీ సూక్ష్మమైనది. తెలుగులో ఐత్వాన్ని యూనికోడ్ రెండు విధాలుగా రాయనిస్తుంది: ఒకే సంకేతంగానైనా, ఎత్వానికి కింది గుర్తును జతచేసి రెండు సంకేతాలుగానైనా. తెర మీద రెండూ ఒకే ‘కై’గా కనిపిస్తాయి. పాతకాలపు మ్యాక్ ఫైల్ వ్యవస్థ ఇలాంటివాటిని విడగొట్టి రాసేది, విండోస్ ఇచ్చినదాన్ని ఇచ్చినట్టే ఉంచుతుంది. అందువల్ల ఒక యంత్రం నుంచి మరొకదానికి మారినప్పుడు, కంటికి ఏ తేడా లేని పేరును కూడా ప్లేయర్ ‘దొరకలేదు’ అనవచ్చు. పాట పేరులో ఐత్వం ఉన్నంత మాత్రాన మాయమవడమేమిటని తల పట్టుకున్నవారికి కారణం ఇది.

ఇక డ్రైవ్ గురించి. ఎంత చోటు కావాలన్నది సులువైన లెక్కే. సెకనుకు 256 కిలోబిట్ల చొప్పున నాలుగు నిమిషాల పాట సుమారు 7.7 ఎంబీ, అటువంటివి 10,000 ఉంటే దాదాపు 77 జీబీ. సీడీ నాణ్యత, అంటే 44.1 కిలోహెర్ట్జ్, 16 బిట్లు, కుదించకపోతే నిమిషానికి 10 ఎంబీకి పైగా తీసుకుంటుంది; ఫ్లాక్‌గా కుదిస్తే తరచుగా అందులో సగానికి కాస్త అటూఇటూగా వస్తుంది కనుక అదే 10,000 పాటలకు 250 జీబీ వరకు అనుకోవచ్చు. డ్రైవ్ పెట్టె మీద 1 టీబీ అని ఉండి విండోస్‌లో 931 జీబీ చూపించినా మోసమేమీ లేదు. తయారీదారు వెయ్యితో లెక్కిస్తే విండోస్ 1024తో లెక్కిస్తుంది. తిరిగే పళ్లెం ఉన్న హార్డ్ డిస్కు పాటలకు చాలు. తిరిగే భాగాలు లేని ఎస్‌ఎస్‌డీ వేగంగా ఉంటుంది, కింద పడినా తట్టుకుంటుంది, కానీ కరెంటు లేకుండా ఏళ్ల తరబడి అల్మరాలో వదిలేయడానికి అది తగినది కాదు.

డ్రైవ్‌ను ఏ ఫార్మాట్‌లో, అంటే ఫైళ్లను అమర్చే ఏ పద్ధతిలో, సిద్ధం చేయాలన్నది దాన్ని ఎన్ని రకాల కంప్యూటర్లకు తగిలిస్తారన్న దాని మీద తేలుతుంది. విండోస్‌కే పరిమితమైతే ఎన్‌టీఎఫ్‌ఎస్. మ్యాక్ ఆ డ్రైవ్‌లోని పాటలను చదువుతుంది గానీ అదనపు సాఫ్ట్‌వేర్ లేకుండా అందులో రాయలేదు. మ్యాక్‌కే పరిమితమైతే ఏపీఎఫ్‌ఎస్ లేదా దానికి ముందరి ఫార్మాట్. రెండిటికీ కావాలంటే ఎక్స్‌ఫ్యాట్. అయితే ఎక్స్‌ఫ్యాట్‌కు జర్నల్ లేదు. అంటే రాస్తూ ఉండగా వైరు ఊడిపోతే ఎక్కడిదాకా వచ్చామో గుర్తుపెట్టుకునే వ్యవస్థ లేదు, కనుక ‘సురక్షితంగా తొలగించు’ అన్న ఆదేశాన్ని ఆ డ్రైవ్ విషయంలో మరింత నిష్ఠగా పాటించాలి. పైగా మ్యాక్ అందులో రాసినప్పుడు ప్రతి పాటకూ చుక్క, అండర్‌స్కోర్‌తో మొదలయ్యే ఒక బుల్లి నీడ ఫైల్‌ను కూడా వదలవచ్చు. కారు స్టీరియోలో ఒకే పాట రెండుసార్లు కనబడి, రెండవది నొక్కితే మోగకపోతే కారణం చాలావరకు అదే. పాత ఫ్యాట్32 జోలికి పోకపోవడం మంచిది: 4 జీబీకి మించిన ఫైల్ అందులో పట్టదు, గంటల తరబడి సాగే కచేరీ రికార్డింగ్ ఒక్కటి ఉన్నా అక్కడ ఆగిపోతుంది.

కాపీ చేయడానికి పట్టే సమయం యూఎస్‌బీ రకాన్ని బట్టి ఉంటుంది. యూఎస్‌బీ 2.0లో ఆచరణలో సెకనుకు 30 నుంచి 40 ఎంబీ వస్తే గొప్ప. 250 జీబీకి సుమారు రెండు గంటలు. యూఎస్‌బీ 3.0 అయితే వైరు అడ్డంకి తొలగి డిస్కు వేగమే హద్దు అవుతుంది. ఎలాగైనా ‘కట్’ చేయకూడదు, ‘కాపీ’ చేయాలి. మధ్యలో ఆగిపోతే ఏది వెళ్లింది, ఏది వెళ్లలేదు అన్న గందరగోళం నుంచి కాపాడేది ఆ ఒక్క నియమమే. విండోస్‌లో రోబోకాపీ, మ్యాక్, లినక్స్‌లలో ఆర్‌సింక్ అనే ఆదేశాలు ఆగినచోటి నుంచి కొనసాగించగలవు కనుక పెద్ద సేకరణలకు అవే మేలు. అయ్యాక ఫైళ్ల సంఖ్య, మొత్తం బైట్లు రెండుచోట్లా ఒకటేనా అని చూడటం కనీస పరీక్ష. అంతకుమించి నమ్మకం కావాలంటే చెక్‌సమ్‌లు, అంటే ఫైల్‌లోని బైట్లన్నిటినీ లెక్కగట్టి తేల్చే చిన్న సంఖ్యలు, పోల్చాలి. ఫ్లాక్ వాడేవారికి ఇక్కడ ఒక సౌకర్యం ఉంది: ఎన్‌కోడ్ చేసేటప్పుడు అసలు శబ్దం తాలూకు ఎండీ5 అనే చెక్‌సమ్ ముద్ర సాధారణంగా ఫైల్‌లోనే నిక్షిప్తమవుతుంది, కనుక దేనితోనూ పోల్చకుండానే పాట చెడిందో లేదో అదే చెప్పగలదు. ఎంపీ3కి ఆ భాగ్యం లేదు.

తరలింపు సరిగ్గా జరిగినా తర్వాత బోల్తా కొట్టించే గుంట ఇంకొకటి ఉంది. విండోస్ ఎక్స్‌టర్నల్ డ్రైవ్‌కు ఇచ్చే అక్షరం స్థిరం కాదు. ముందుగా మరో పెన్‌డ్రైవ్ తగిలిస్తే నిన్నటి ‘ఈ’ ఈ రోజు ‘ఎఫ్’ కావచ్చు, అప్పుడు చిరునామాలన్నీ ఒక్కసారిగా అబద్ధమవుతాయి. డిస్క్ మేనేజ్‌మెంట్‌లోకి వెళ్లి వర్ణమాల చివరి అక్షరాల్లో ఒకటి దానికి కేటాయిస్తే ఈ బెడద దాదాపు ఉండదు. మ్యాక్‌లో డ్రైవ్ పేరే చిరునామాలో భాగం కనుక ఆ పేరు మార్చకుండా ఉంటే చాలు. ఐట్యూన్స్ విషయంలో మరీ ముఖ్యంగా, డ్రైవ్ తగిలించకుండా ప్లేయర్‌ను తెరవకూడదు. మీడియా ఫోల్డర్ కనబడనప్పుడు అది మాట్లాడకుండా తన అలవాటైన పాత ఫోల్డర్‌కు మారిపోగలదు. ఆ రోజు చేర్చిన పాటలు కంప్యూటర్‌లోకి, మిగిలినవి డ్రైవ్‌లోకి వెళ్లి లైబ్రరీ రెండు ముక్కలవుతుంది. ఇలా జరిగితే డ్రైవ్ తగిలించి, సెట్టింగు సరిచేసి, కన్సాలిడేట్ మరొకసారి నడపాలి.

పద్దును కూడా డ్రైవ్‌లోకి మార్చాలా అన్న విషయంలో అభిప్రాయ భేదాలున్నాయి. ఒకే కంప్యూటర్ వాడేవారు పద్దును లోపలి డిస్కులో, పాటలను బయటి డ్రైవ్‌లో ఉంచడమే నాకు సబబుగా తోస్తుంది. వెతుకులాట వేగంగా ఉంటుంది, డ్రైవ్ పాడైనా ఏయే పాటలు ఉండేవో తెలుస్తుంది. రెండు కంప్యూటర్ల మధ్య డ్రైవ్‌ను మార్చి మార్చి వాడేవారు రెండిటినీ అందులోనే పెట్టుకోవాలి. ఐట్యూన్స్‌నైతే షిఫ్ట్ కీ, మ్యాక్‌లో ఆప్షన్ కీ, నొక్కిపట్టి తెరిస్తే ఏ లైబ్రరీని తెరవాలో అడుగుతుంది. ప్లేయర్‌కు వెలుపల దాచుకున్న ఎం3యూ ప్లేలిస్టులు (పాటల చిరునామాలను వరుసగా రాసిన టెక్స్ట్ ఫైళ్లు) ఉంటే ఒకటి తెరిచి చూడండి: వరుసలు డ్రైవ్ అక్షరంతో మొదలైతే అవి తరలింపుతో పనికిరాకుండా పోతాయి, ఫోల్డర్ పేరుతోనో పాట పేరుతోనో మొదలైతే పాటలతోపాటే బతుకుతాయి. చందా కట్టి వినే సేవల నుంచి ఆఫ్‌లైన్ కోసం దించుకున్న పాటలను మాత్రం ఈ లెక్కలో కలపకూడదు. అవి తాళం వేసిన ఫైళ్లు, చందా ఆగితే మోగవు. వాటిని కాపీ చేసుకుని ప్రయోజనం లేదు.

డ్రైవ్‌లోకి చేరిన లైబ్రరీని బ్యాకప్ అని పొరబడటం కూడా మామూలే. నిన్న కంప్యూటర్‌లో ఒకే ప్రతి ఉండేది, నేడు డ్రైవ్‌లో ఒకే ప్రతి ఉంది, అది కూడా బల్ల మీద నుంచి జారిపడగల ప్రతి. మూడు ప్రతులు, రెండు రకాల మాధ్యమాలు, ఒకటి వేరే చోట అనే 3-2-1 సూత్రం సంగీతానికి అతి అనిపించవచ్చు, కనీసం రెండవ డ్రైవ్ ఒకటి తప్పదు. మామూలుగా నడిచే బ్యాకప్ ప్రోగ్రామ్ బయటి డ్రైవ్‌లను లెక్కలోకి తీసుకోకుండా వదిలేస్తోందేమో కూడా దాని సెట్టింగులలో చూసుకోవాలి.

పాత ఫోల్డర్‌ను ఎప్పుడు తొలగించవచ్చన్న ప్రశ్న మిగిలింది. నేను ముందుగా దాని పేరు చివర ‘పాతది’ అని చేర్చి ఒక వారం వదిలేస్తాను. ప్లేయర్ ఇంకా అక్కడి నుంచే పాటలు తెచ్చుకుంటూ ఉంటే విండోస్‌లో పాటలు నొక్కగానే ఆశ్చర్యార్థక గుర్తులు బయటపడతాయి. మ్యాక్‌లో ఈ పరీక్ష మోసం చేయవచ్చు, ఎందుకంటే అదే డిస్కులో పేరు మారిన ఫైల్‌ను కూడా వెంబడించి పట్టుకునే తెలివి అక్కడి ప్లేయర్‌కు ఉంది. అందుకని నాలుగైదు పాటల వివరాల పెట్టె తెరిచి, చిరునామా డ్రైవ్ పేరుతోనే మొదలవుతోందా అని కంటితో చూడాలి. బాగా పాతది ఒకటి, ఈ మధ్య చేర్చినది ఒకటి, పేరులో ఐత్వం ఉన్నది ఒకటి ఎంచుకుంటే మంచిది. వారం గడిచి, ఆ పాటలన్నీ చివరిదాకా మోగి, రెండవ డ్రైవ్‌లో ప్రతి సిద్ధమయ్యాక ‘పాతది’ని రీసైకిల్ బిన్‌లోకి పంపుతాను. బిన్‌ను మాత్రం మరుసటి రోజు గానీ ఖాళీ చేయను.